ఉప్పు చూసే డాక్టరు

9 మార్చి 2025

ఒరే అల్లుడూ,

ఈ రాత నీ మేనమామ ఇస్సాకుది. కోడి గీకినట్టుందని ఎవరిదో అనుకునేవు.

మొన్న ఫోను చేశావు గాని అది మాట్లాడటం కాదురా. నేనొకటి అడిగితే అది నీకు చేరేలోపు నువ్వు ఇంకోటి అంటున్నావు. ఇద్దరం ఒకేసారి ఆగుతున్నాం, ఒకేసారి మొదలెడుతున్నాం. ఆ ఫోను నాకొద్దు. ఆదివారం బడిలో నేర్చుకున్న అక్షరాలు నాకున్నాయి. అవి బైబిలు చదవటానికి నేర్పినవి కాబట్టి తిట్టు రాయాల్సొచ్చినప్పుడు కొంచెం తడుముకుంటాను. నేను కాగితం మీద రాసిస్తే దేవకుమారి టీచరు తన ఫోనుతో ఫొటో తీసి నీకు పంపుతుంది. నీ జవాబు కూడా ఆవిడ ఫోనుకే పంపు, కాగితం మీద తీయించి ఇస్తానంది. మంచి మనిషే. కాని మన సంఘం పండగ కమిటీలో ఉంది, చదివిన మాట కడుపులో దాచుకోలేదు. అది చూసుకుని రాయి. ఈ ముక్క ఆవిడ కూడా చదువుతుందని నాకు తెలుసు. అందుకే రాశాను.

ఇప్పుడు అడుగుతాను. ఏలూరులో శుభ్రమైన హోటలు పని వదిలేసి దక్షిణధ్రువంలో సైంటిస్టులకి వండటానికి పోయావు. అక్కడ పొయ్యి దేనితో వెలిగిస్తారు? మంచు మీద పొయ్యి పెడితే కింద కరిగి డేగిసా మునిగిపోదా? తాగే నీళ్ళెక్కడివి? చేపలు దొరుకుతాయా, దొరికితే పులుసులోకి పనికొస్తాయా? పెంగ్విన్ అని టీవీలో చూపించారు. మన కొల్లేరు గూడబాతుకి నల్లకోటు తొడిగినట్టుంది. దాన్ని తింటారా? మిగిలిన అన్నం ఎక్కడ పారబోస్తారు, కుక్కలున్నాయా?

ఒక్కొక్కదానికీ విడివిడిగా చెప్పు. అంతా బాగుంది మావయ్యా అని ఒక్క ముక్కతో కొట్టెయ్యకు.

చేపల పులుసు నీకంటే బాగా వండే
ఇస్సాకు


17 మార్చి 2025

మావయ్యకి నెల్సన్ వందనాలు.

మీ కాగితం ఫొటో అందింది. పెద్దది చేసుకుని చదివాను. మీ 'క' ఏదో, 'త' ఏదో పట్టుకోవటానికి టీ కాగేంతసేపు పట్టింది.

పొయ్యి కరెంటుది. ఇక్కడ మంటంటే అందరికీ దడ. గాలి బాగా పొడిగా ఉంటుంది, నిప్పంటుకుంటే పారిపోవటానికి పక్క ఊరు లేదు. నేను వచ్చిన కొత్తలో పప్పు తిరగమోత వేస్తే పొగ అలారం మోగింది, మందపు కోట్లు తొడుక్కుని అందరూ వంటింటి ముందు చేరారు. అప్పట్నుంచి ఎండుమిరపకాయలు నూనెలో పడేముందు మైకులో చెప్పి వేస్తున్నాను. ఇల్లు ఇనుప స్తంభాల మీద ఎత్తుగా ఉంది, చేపల చెరువు గట్టు మీద కాపలా మంచె ఉంటుందే, అలాగ. డేగిసా మునగదు. నీళ్ళు చెరువువే. పైన గడ్డకట్టి ఉన్నా అడుగున నీళ్ళుంటాయి, పంపుతో తోడతారు.

పెంగ్విన్‌ని తినటం కాదు, ముట్టుకోకూడదు. అది ఎదురొస్తే మనమే ఆగి దారివ్వాలి. చేపలు పట్టకూడదు. మాతో తెచ్చుకున్న చేపలున్నాయి, ఇటుకల్లాగా గడ్డకట్టి ఉంటాయి. ఓడ ఏడాదికొక్కసారి వస్తుంది. అల్లం అయిపోతే అయిపోయినట్టే. కుక్కలు లేవు. ఎంగిలి మెతుకు కూడా ఇక్కడ పారెయ్యకూడదు, డబ్బాల్లో కట్టి ఓడెక్కించి వెనక్కి పంపాలి.

నాకు ఒక్కటే చిక్కుగా ఉంది. వచ్చిన దగ్గర్నుంచి రోజూ డాక్టరుగారు ఉప్పు చూస్తున్నారు. ఆయన చూసి ఫరవాలేదంటేనే నా పని ముందుకెళ్తోంది. అమ్మకి చెప్పకండి. వడ్డన టైమైంది, మళ్ళీ రాస్తాను.

మీ అల్లుడు
నెల్సన్


30 మార్చి 2025

అల్లుడూ,

నీ ఎంగిలి ఓడెక్కుతుందన్న ముక్క పేటంతా చెప్పాను. ఈ పేటలో మనిషెవడూ ఓడెక్కలేదు, నీ పుణ్యమాని మెతుకులెక్కుతున్నాయి.

అసలు సంగతికి వస్తాను. షుగరు చూసే డాక్టర్లు తెలుసు. బీపీ చూసేవాళ్ళు తెలుసు. ఉప్పు చూసే డాక్టరుని నేను పుట్టి ఇదే వినటం. అది కూడా రోజూ చూస్తున్నాడంటే జబ్బు ఎంతదూరం వెళ్ళిందో. ముదినేపల్లి మందులషాపతన్ని అడిగాను. ఒంట్లో ఉప్పు తగ్గితే మనిషికి మతి తికమక పడుతుందన్నాడు. ఏలూరు హోటలు వదిలి మంచులోకి పోయినప్పుడే నీకది మొదలైందేమోనని నా అనుమానం.

మీ అమ్మకి చెప్పొద్దన్నావు. చెప్పేశాను. నా చెల్లెలు మణెమ్మ దగ్గర నేనేది దాచాను గనక. అది ఏడుస్తూ కూర్చుంది. దేవకుమారి ఈలోపు స్త్రీల కూడికలో లేచి నిలబడి, మన నెల్సన్‌కి ధ్రువంలో ఉప్పు పడిపోయిందమ్మా, ప్రార్థన చేద్దాం అంది. పోయిన ఆదివారం గుళ్ళో కూడా చేశారు. పాస్టరుగారు 'మీరు లోకమునకు ఉప్పయి యున్నారు' అన్న వాక్యం తీసి చెప్పారు. అది నీ జబ్బుకి ఎలా అతుకుతుందో నాకు తెలియలేదు గాని చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

మందులేం వేస్తున్నారు? కాళ్ళు పొంగుతున్నాయా? అక్కడ సెలైను ఎక్కించాలంటే సీసాలో గడ్డకట్టదా?

దిగులుతో
మావయ్య


13 ఏప్రిల్ 2025

మావయ్యకి,

నాకు ఏ జబ్బూ లేదు. అమ్మకి ఫోను చేసి చెప్పాను, నమ్మలేదు, ధైర్యం చెప్పటానికి అంటున్నానట. మీ ఉత్తరం డాక్టరుగారికి హిందీలో చెప్పాను. నవ్వి నవ్వి ఆయన కళ్ళద్దాలు పప్పు గిన్నెలో పడ్డాయి.

ఆయన చూసేది కూరలో ఉప్పు. మనం ఇంట్లో ఉప్పు చూడవే అంటామే, అదే. నా ఒంట్లోది కాదు.

ఎందుకంటే, ఇక్కడికి రాగానే నా ముక్కు పోయింది. లోపల హీటర్ల వేడి, బయట చలి, ఎక్కడా తేమ లేదు. ముక్కు లోపల బీడుపడిన మడిలా ఉండేది, ఏ వాసనా తెలిసేది కాదు. మీ దగ్గర నేర్చుకున్నవాణ్ణి కదా, ఉప్పు వాసన పట్టి వెయ్యటమే తప్ప నోట్లో వేసుకుని చూడటం అలవాటు లేదు. మొదటి వారం సాంబారులో రెండుసార్లు వేశానో మూడుసార్లు వేశానో. అందరూ మంచినీళ్ళు తాగుతూ తిన్నారు, ఒక్కడూ నోరు విప్పలేదు. కంచం పక్కకి నెట్టి, ఇది తినలేనయ్యా అన్నది డాక్టరుగారొక్కరే. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు గిన్నెలో కొంచెం వేసి ఆయన దగ్గరికే తీసుకెళ్ళాను. అప్పట్నుంచి ఆయనే చూస్తున్నారు.

ఆదివారం నాకు సెలవు. ఆ పూట సైంటిస్టులే వండుతారు, లీడరుగారు గిన్నెలు తోముతారు. నేను కూర్చుని తింటాను. అంత చదువుకున్నవాళ్ళు నాకు వడ్డిస్తుంటే మొదట్లో ముద్ద దిగేది కాదు.

దయచేసి ప్రార్థన ఆపించండి.

నెల్సన్


27 ఏప్రిల్ 2025

నెల్సన్‌కి,

లీడరు గిన్నెలు తోముతాడా? ఆయన జీతం నీకంటే ఎక్కువా తక్కువా? ఎవరైనా చెప్తే తోముతాడా, తనంతట తనే లేస్తాడా? మాడిన గిన్నె ఎవరికిస్తారు?

ప్రార్థన ఆగదు. ఒకసారి మొదలెడితే ఆపమని చెప్పే పద్ధతి మన సంఘంలో లేదు. ముక్కు అని మార్పించాను, నెల్సన్ ముక్కు కోసం అని చేస్తున్నారు.

ఇంకొకడి నాలుక మీద వండేవాడు వంటవాడేనట్రా? నాకు వంట నేర్పిన మా మేస్త్రి పెట్టిన కట్టడి నీకు నేను చెప్పలేదా, వడ్డన పూర్తయ్యేదాకా వండినవాడి నోట్లో మెతుకు పడకూడదు. ఉప్పు ముక్కుతోనే పట్టాలి. అత్తిలి నుంచి కలిదిండి దాకా పెళ్ళిళ్ళకి నన్ను పిలిచేది అందుకే.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. నీ ముక్కు తిరిగి వచ్చిందా? ఒకేసారి వచ్చిందా, కొంచెం కొంచెంగానా? మొదట తెలిసిన వాసనేది? డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూశాడా, ఏమన్నా చుక్కలు వేశాడా? చలికి పోయిన ముక్కూ జ్వరానికి పోయిన ముక్కూ ఒకటేనా? జ్వరానికి పోయినది అయితే ఎన్నాళ్ళకి వస్తుంది? అది కూడా అడుగు. ఇక్కడ ఎవరికీ లేదు, ఊసుపోక అడుగుతున్నాను.

ఆగస్టులో గుడి ప్రతిష్ఠ పండగ. ఆ రోజు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకి నా చేపల పులుసు లేని ఏడాది లేదు. ఈసారి గూడెం టౌను నుంచి క్యాటరింగ్ వాళ్ళని పిలుద్దామని కమిటీలో ఎవరో అన్నారట. ఎవరన్నారో దేవకుమారికి తెలుసు. ఆ పులుసు నా చేతిలోంచి పోతే నేను ఈ గుళ్ళో ఏ బెంచీ మీద కూర్చోవాలో నాకు తెలియదు.

ఇస్సాకు


18 మే 2025

మావయ్యకి,

మీ ప్రశ్నలు చదివి మొదట కోపమొచ్చింది. ఇంకొకడి నాలుక అని వెక్కిరించి, ఆ వెంటనే ముక్కు గురించి అన్ని అడిగితే ఎగతాళి కాకపోతే ఏమిటి? అయినా మీరు పెద్దవాళ్ళు, అడిగారు, చెప్తాను.

నా ముక్కు వచ్చేసింది. ఒక పొద్దున ఇంగువ డబ్బా మూత తీస్తే గుప్పుమంది. డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చలికి పోయినది ఇలా వస్తుందట. జ్వరానికి పోయినది చెప్పలేమన్నారు డాక్టరుగారు. కొందరికి నెలల్లో వస్తుంది, కొందరికి రాదు. కాని ఉప్పు ముక్కుది కాదు, నాలుకది అన్నారు. ఉప్పుకి అసలు వాసనే లేదట. వాసన పోయినవాళ్ళు రుచంతా పోయిందనుకుంటారట, నాలుక మాత్రం దాని పని అది చేస్తూనే ఉంటుందట.

ఇక్కడ సూర్యుడు వెళ్ళిపోయే రోజులొచ్చాయి. మధ్యాహ్నం కాసేపు ఎర్రగా గట్టు వెనక నిలబడి దిగిపోతున్నాడు. ఇంకొన్నాళ్ళకి అదీ ఉండదు. పొద్దున టిఫినని నేను గంట కొడితేనే వీళ్ళకి తెల్లారినట్టు.

అమ్మ ఫోనులో ఒక చెత్త మాట చెప్పింది. కలిదిండి చేపల చెరువుల గంగరాజుగారు లేరూ, వాళ్ళమ్మాయి పెళ్ళిలో మీ పులుసు ఉప్పుకషాయంలా ఉందని ఆయన అందరికీ చెప్తున్నాడట. అందుకే క్యాటరింగ్ మాట వచ్చిందట. మా మావయ్య చేతిలో ఉప్పు ఎక్కువవటం జరగని పని, నువ్వెలా నమ్మావని అమ్మ మీద కేకలేశాను. ఫోను పెట్టేసింది. మీరేం దిగులుపడకండి. నేనుండగా మిమ్మల్ని ఒక్క మాట అననివ్వను.

నెల్సన్


1 జూన్ 2025

నెల్సన్‌కి,

మీ డాక్టరు ఏనాడైనా గుంటపొయ్యి పక్కన నిలబడ్డాడా? గంగాళం నిండా పులుసు మరుగుతుంటే ఉప్పు పడకముందు ఒక వాసన, పడ్డాక ఒక వాసన. ఉప్పుకి వాసన లేదట. ఆయన సూదులు ఆయన్ని చూసుకోమను.

గంగరాజు ఊసు నా దగ్గర ఎత్తకు. నా తరఫున మీ అమ్మతో దెబ్బలాడమని నిన్నెవరు అడిగారు? ముందు దానికి ఫోను చేసి తప్పయిందని చెప్పు.

ఇక రాయను. నువ్వూ రాయొద్దు.

ఇస్సాకు


22 జూన్ 2025

మావయ్యకి,

రాయొద్దన్నా రాస్తున్నాను. దేవకుమారి టీచరుగారికి వందనాలు.

అమ్మకి తప్పయిందని చెప్పాను. నన్ను ఎందుకు చెప్పమన్నారా అని ఆలోచించాను. ఇక్కడ ఆలోచించుకోవటానికి చీకటి కావలసినంత ఉంది. తెలిసింది. అది రాయను. నా ముక్కు సంగతే రాస్తాను, ఇంకెవరి ముక్కూ కాదు.

నిన్న నడి శీతాకాలం పండగ చేసుకున్నాం. ఈ ఖండంలో ఎన్ని దేశాల స్టేషన్లున్నాయో అన్నీ చేసుకుంటాయి. మిట్టమధ్యాహ్నం కూడా కిటికీలో మసకచీకటే. తుఫాను గాలికి గోడలు మూలుగుతున్నాయి. గిడ్డంగి పక్కనే ఉన్నా తాడు పట్టుకుని వెళ్ళి చేపలు తెచ్చాను. పులుసు పెట్టాను. ముక్కు బాగానే ఉంది నాకు, అయినా గిన్నెలో వేసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. అలవాటైపోయింది. ఆయన నాకి, కొంచెం పడాలి అన్నారు. నాకు చాలనిపించింది. వేశాను. అందరూ మళ్ళీ మళ్ళీ పోయించుకున్నారు.

మొదటిసారి ఆయన్ని అడగటానికి వెళ్ళిన రోజు మీకు రాయలేదు. గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడి వెనక్కి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళాను. ఈయనే ఎందుకు, మంచివాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా అనుకున్నాను. మంచివాళ్ళు మంచినీళ్ళు తాగి ఊరుకున్నారు మావయ్యా. బాగోలేదన్నవాడొక్కడే నాకు నిజం చెప్పాడు. ఇంకెవరిని అడగను?

నాకు తెలిసింది ఇంతే.

మీ అల్లుడు
నెల్సన్


17 ఆగస్టు 2025

ఒరే అల్లుడూ,

చాలా రాయాలి, కాగితాలు ఎక్కువవుతాయి. దేవకుమారి ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంది. చదివితే చదవనీ.

జనవరి జ్వరంలో నా ముక్కు పోయింది. మీ అత్తకి ముందే తెలుసు. పాలు పొంగి మాడి ఇల్లంతా కమురుతుంటే నేను పక్కనే కూర్చుని పేపరులో బొమ్మలు చూస్తున్నానట. గంగరాజు కూతురి పెళ్ళిలో నాకు తెలియకుండానే ఉప్పు రెండుసార్లు పడింది. నీకు చెప్పలేదు. నువ్వు నన్ను నమ్మి మీ అమ్మ మీద కేకలేశావు చూడు, అది చదివిన రోజు నేను అన్నం తినలేదు.

నీ ఉత్తరం జేబులోనే పెట్టుకు తిరిగాను. పోయిన నెల బస్సెక్కి కలిదిండి వెళ్ళాను. గంగరాజు చెరువు గట్టున మేత బస్తాలు దింపిస్తున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"మా పులుసు ఉప్పుకషాయం అన్నారటండీ" అన్నాను.

"అన్నానండీ. ఉన్నదే అన్నాను."

"అందుకే వచ్చానండీ. ప్రేమవిందుకి మీరొచ్చి ఉప్పు చూడాలి. నాకు ముక్కు పోయింది."

ఆయన బస్తా మీద కూర్చుండిపోయాడు. ఎప్పట్నుంచండీ అని అడిగాడు. చెప్పాను. మీ సంఘం వాణ్ణి కాను కదా, నేను గుళ్ళోకి రావచ్చాండీ అన్నాడు. పొయ్యి బయటే ఉంటుందండీ అన్నాను. ఇంట్లోకి తీసుకెళ్ళి మజ్జిగ ఇప్పించాడు. వాళ్ళావిడ నా వంక చూడకుండా గ్లాసు పెట్టింది, రెండోసారి పోసినప్పుడు చూసింది. చేపలు తన చెరువులోవి పంపుతానన్నాడు, ధర మాత్రం తగ్గించలేదు.

ఆ ఆదివారం కమిటీలో నేనే లేచాను. ముక్కు పోయిందని చెప్పాను. గంగరాజుగారు ఉప్పు చూస్తారు, నేను వండుతాను, కాదంటే గూడెం వాళ్ళని పిలుచుకోమన్నాను. దేవకుమారి లేచి, అయితే ఉత్తరాల్లో ముక్కు నెల్సన్‌ది కాదా అంది. ఇన్ని నెలలూ అన్నీ చదివి కూడా ఆవిడకి తట్టలేదు, పాపం నీ ముక్కుకే ప్రార్థన చేయిస్తోంది. ఇప్పుడు ముక్కు అలాగే ఉంచి పేరు మార్చారు.

పాస్టరుగారు సరే అన్నారు.

ఇవాళే విందు. గంగరాజు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పొయ్యి పక్కన కుర్చీ వేశాం. బొచ్చె చేప ముక్కలు పడి పులుసు దగ్గరకొస్తున్నప్పుడు చేతిలో పోశాను. నాకాడు. ఆలోచించాడు. మళ్ళీ పొయ్యమన్నాడు. అలా నాలుగుసార్లు పోయించుకున్నాడు. ఉప్పు చూస్తున్నాడో టిఫిను చేస్తున్నాడో తెలియలేదు. సంఘమంతా చుట్టూ నిలబడి ఆయన నోరు చూస్తున్నారు.

"చాలదండీ" అన్నాడు.

నా చెయ్యి చాలంటోంది. ఇన్నేళ్ళ చెయ్యిరా అది. గంగాళం చూసి, ముక్కలు చూసి, చాలు అంటోంది. ఈయన నాలుక చాలదంటోంది. మొన్న పెళ్ళిలో కూడా ఈ చెయ్యే కదా చాలలేదని రెండోసారి వేసింది అనుకున్నాను. గుప్పెడు తీసుకుని వేశాను. ఇప్పుడు చూడండీ అన్నాను. చూశాడు. దింపెయ్యండి అన్నాడు.

జనం తిన్నారు. ఎవరు ఎవరి మొహం చూస్తున్నారో నేను చూడలేదు. గరిట పట్టుకుని పొయ్యి వంకే చూస్తూ నిలబడ్డాను. రెండో వడ్డనకి పులుసు బకెట్టు ఖాళీగా వెనక్కొచ్చింది. మూడోసారీ వచ్చింది. ఆఖరి బంతి లేచాక గంగరాజు కోసం చూస్తే ఆయన కూడా తినకుండా కూర్చునున్నాడు. మీరు తినందే ఎలా తింటానండీ అన్నాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆయన తన విస్తట్లో చెయ్యి పెట్టకుండా నా చెయ్యి చూస్తున్నాడు.

"ఎలా ఉందండీ?" అన్నాడు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చేప వాసన లేదు. చింతపండు వాసన లేదు. ఈ జబ్బు వచ్చిన దగ్గర్నుంచి ఏదీ తెలియటం లేదని మజ్జిగన్నం మింగేసి లేస్తున్నానే తప్ప నాలుకని ఏమీ అడగలేదు. ఇవాళ మింగకుండా ఆగాను. అక్కడే ఉంచుకున్నాను.

ఒక చిటికెడు ఎక్కువైందిరా. తెలిసింది. నాకు తెలిసింది.

"సరిగ్గా సరిపోయిందండీ" అన్నాను గంగరాజుతో. ఆయన అప్పుడు కలుపుకున్నాడు.

మీ మావయ్య
ఇస్సాకు